నాపరాయి, ముగ్గుపిండి, టంకం: బల్ల మీద సముద్రపు కందకం

ఆగస్టు 3

మా మేనకోడలు అనంతపురానికి దగ్గర్లో ఒక ఉన్నత పాఠశాలలో టీచరు. అక్టోబరులో సైన్సు ప్రదర్శన ఉందట. "మామయ్యా, ఒక అగ్నిపర్వతం చేసిపెట్టు" అంది. అంటే ఏమిటో నాకు తెలుసు. మట్టి గుట్ట, నడుమ ఒక గ్లాసు, అందులో వంటసోడా, వెనిగరు, ఎర్ర రంగు. ముప్ఫై ఏళ్ళ కిందట బీఎస్సీలో జియాలజీ చదివి, ఆ తర్వాత బోరు మోటార్లకు వైండింగు చుట్టుకుంటూ బతుకుతున్నవాణ్ణి. చదివిన చదువుకు ఆమాత్రం పౌరుషం మిగలదా? వంటసోడా అగ్నిపర్వతం నా షాపులో తయారు కాదని చెప్పేశాను.

"అయితే దాని కింద ఏం జరుగుతుందో చేసి చూపించు" అని వెళ్ళిపోయింది. ఇరుక్కున్నాను.

ఎండాకాలమైతే ఊపిరి సలపదు, కాలిపోయిన మోటార్లు షాపు ముందు వరుస కడతాయి. ఆగస్టులో పని పలచన. సరే, మొదలుపెడదాం.

కాలేజీలో విన్న కథ నాకు గుర్తున్నంతవరకు ఇది. సముద్రపు అడుగున ఉన్న పలక, అంటే భూమి రాతి పెంకులో ఒక పెద్ద ముక్క, మరో పలక కిందికి దిగబడుతుంది, దాన్నే సబ్‌డక్షన్ అంటారు. దిగేటప్పుడు రాపిడి, రాపిడికి వేడి, వేడికి పలక కరిగి మాగ్మా. రాపిడి ఆగి ఆగి జరిగితే భూకంపం. అందుకని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్న సామాను: హీటరు కాయిలు ఒకటి, మైనం రెండు కిలోలు. కింద వేడి, పైన మైనం, కథ కంచికి. ఈ పేజీని నేను చింపలేదు. సెప్టెంబరు చివర మళ్ళీ దీని దగ్గరికే రావలసి వచ్చింది.

ఆగస్టు 10

మొదటి బల్ల: పలక అసలు ఎలా దిగడం మొదలుపెడుతుంది?

రెండడుగుల చేపల తొట్టి ఒకటి పాత సామాన్ల దుకాణంలో దొరికింది. మాంటిల్‌కు, అంటే పలకల కింద ఉండే మందపాటి రాతి పొరకు, బదులుగా చిక్కటి ద్రవం కావాలి. బెల్లం పాకం అనుకున్నాను కానీ లోపల ఏం జరుగుతున్నదీ కనబడదు. మిఠాయిలు చేసేవాళ్ళు వాడే గ్లూకోజ్ సిరప్ ఒక డబ్బా తెచ్చాను. అద్దంలా తేటగా, తేనె కంటే చిక్కగా ఉంది. అసలు మాంటిల్ ఘనపదార్థమే. కోట్ల ఏళ్ళ లెక్కన చూస్తేనే అది పాకంలా పారుతుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే భూమి లోపలంతా ద్రవం అనుకుంటారు.

పలక కోసం పిల్లల రంగు బంకమట్టిని అప్పడాల కర్రతో మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి సిరప్ మీద పరిచాను. సిరప్ కంటే బరువైన పదార్థమే. మునగాలి. మునగలేదు. పావుగంట చూశాను, బోర్లించిన పళ్ళెంలా అలాగే కూర్చుంది. కొస పట్టి నొక్కితే వంగకుండా స్కేలు జారినట్టు మొత్తంగా అడుగుకు పోయింది.

రెండూ వైఫల్యాలే, కానీ మొదటిది నన్ను వదలలేదు. బరువైనదే, అయినా మునగదు.

ఆగస్టు 11

చీమలు. తొట్టి చుట్టూ నీళ్ళ పళ్ళెం పెట్టడం మరిచిపోయాను. షాపులో పనిచేసే కుర్రాడు "అన్నా, మీ సముద్రంలో ఓడలు తిరుగుతున్నాయి" అన్నాడు. సిరప్‌ను పలచటి గుడ్డతో వడకట్టడానికి రెండు గంటలు పట్టింది.

ఆగస్టు 17

బంకమట్టి మరీ బిరుసు. ఆటబొమ్మల దుకాణంలో సాగే సిలికాన్ పుట్టి దొరికింది. లేతు మిషన్ దగ్గరి ఇనుప రజను జల్లించి అందులో కలిపి సిరప్ కంటే కొంచెం బరువెక్కేలా చేశాను. పొడవాటి పట్టీగా ఒత్తి, ఒక కొసను తొట్టి గోడకు అంటించి పరిచాను. ఇదీ మునగలేదు. ఈసారి స్వేచ్ఛగా ఉన్న కొసను రెండు సెంటీమీటర్లు కిందికి వంచి, దాని మీద చెంచాడు సిరప్ పోశాను.

అంతే, ఇక నా చెయ్యి అవసరం లేకపోయింది. కొస నెమ్మదిగా వంగింది. దిగిన భాగం పెరిగేకొద్దీ వేగం పెరిగింది. దిగిన బరువు వెనకున్న పట్టీని లాగుతోంది. పక్కన అగ్గిపుల్లలు గుర్తుగా పెట్టుకున్నాను కాబట్టి ఇంకో సంగతి కనబడింది. వంపు ఉన్న చోటు కదలకుండా ఉండదు, వెనక్కి వెనక్కి జరుగుతుంది. పలక ముందుకు వచ్చి ఒక గుంటలోకి దిగుతున్నట్టు మనం బొమ్మలు గీస్తాం. నిజానికి ఆ గుంటే, అంటే కందకమే, పలక వైపు నడిచి వస్తోంది.

పిల్లలకు దాచకుండా చెప్పవలసింది ఒకటి ఉంది. పట్టీని తేల్చి ఉంచింది చాలావరకు సిరప్ తలతన్యత, దానికి భూమిలో పాత్ర లేదు. అక్కడి అడ్డు పలక బిరుసుతనం. ముసలి సముద్రపు పలక చల్లబడి కింది మాంటిల్ కంటే బరువెక్కుతుంది, కానీ అంత మందాన ఉన్న పలక తనంతట తాను విరిగి వంగదు. మన తూర్పు తీరమే సాక్ష్యం. మచిలీపట్నం దగ్గర బంగాళాఖాతపు అడుగు పది కోట్ల ఏళ్ళకు పైబడిన వయసుది, అయినా మన ఖండానికి అతుక్కునే ఉంది. అదే పలక తూర్పు అంచు మాత్రం అండమాన్‌ల దగ్గర దిగబడిపోతోంది. మొదట ఎవరో నొక్కాలి, లేదా ముందే బలహీనమైన గీత ఒకటి ఉండాలి. జపాన్‌కు దక్షిణాన ఇజు, బోనిన్, మరియానా దీవుల వరుసలో దిగుబాటు సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్ళ కిందట మొదలైంది. 2014లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ అక్కడ అడుగును తవ్వి, ఆ మొదటి రోజుల లావాను బయటికి తీసింది. న్యూజిలాండ్‌కు దక్షిణాన ప్యూసెగర్ దగ్గర ఇప్పుడిప్పుడే మొదలవుతున్న దిగుబాటు ఉంది.

ఒకసారి దిగితే ఇక ఆగదు. లోతుకు పోయేకొద్దీ పలక పైపొరలోని బసాల్టు అనే నల్లరాయి ఒత్తిడికి ఎక్లోజైట్ అనే ఇంకా బరువైన రాయిగా మారుతుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే, 3 చుట్టూ ఉన్నది దాదాపు 3.5కు చేరుతుంది. చుట్టూ ఉన్న మాంటిల్ 3.3 మాత్రమే. నా ఇనుప రజను చేస్తున్న పని అదే.

మరి ఆ బలహీనమైన గీత ఎక్కడిది? రాత్రి పాత పుస్తకాలు తిరగేశాను. పగుళ్ళలోకి సముద్రపు నీరు ఇంకి, మాంటిల్ రాయిని సర్పెంటైన్ అనే మెత్తటి ఖనిజంగా మార్చేస్తుందట. పులివెందుల వైపు పూర్వం తవ్విన రాతినార (ఆస్బెస్టాస్) ఆ కుటుంబానిదే, అది పుట్టిన దారి వేరు. చూడటానికి ఎండు రాయి. కానీ బరువులో నూటికి 13 పాళ్ళు నీరు. ఎనిమిది వందల అడుగులు తవ్వినా బోరులో దుమ్మే లేచే మా నేలలో ఆ అంకె చదివి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఆగస్టు 24

రెండో బల్ల: ఇసుక పెట్టె.

నాలుగడుగుల అద్దపు తొట్టి, అడుగున ప్లాస్టిక్ షీటు. ఒక కొసన కదలని చెక్క అడ్డు, దాని కింది సందులోంచి షీటు బయటికి పోతుంది. కారు వైపర్ మోటారుకు మరలు ఉన్న పొడవాటి కడ్డీ బిగించి షీటును నిమిషానికి అయిదు సెంటీమీటర్లు లాగేలా అమర్చాను. షీటు దిగబడే పలక, దాని మీది ఇసుక సముద్రపు అడుగున పేరుకున్న మట్టి, చెక్క అడ్డు పై పలక.

పెన్న ఇసుక జల్లించి, పొరకూ పొరకూ మధ్య రంగు ముగ్గుపిండి చల్లాను. మొత్తం మూడు సెంటీమీటర్ల మందం. మోటారు వేశాను. ఇసుక గోడలా నిలబడి, ముక్కలుగా విరిగి పడింది. తడి పూర్తిగా ఆరలేదన్నమాట.

ఇక్కడ తప్పు తడిది మాత్రమే కాదు, నా ఆలోచనది కూడా. రాయి గట్టిది కాబట్టి నమూనా కూడా గట్టిగా ఉంటే మేలని లోపల ఎక్కడో అనుకుంటున్నాను. 1937లో ఎం. కింగ్ హబ్బర్ట్ అనే అమెరికా భూశాస్త్రవేత్త ఈ లెక్క తేల్చిపెట్టాడు: కొలత ఎంత తగ్గిస్తే బలాన్నీ అంత తగ్గించాలి. కిలోమీటరును సెంటీమీటరు చేస్తే లక్ష రెట్లు తగ్గించినట్టు. రాయి బలాన్నీ అంతే తగ్గిస్తే మిగిలేది పొడి ఇసుక. కొండంత రాయిని రాక్షసుడెవడైనా అరచేతిలోకి తీసుకోగలిగితే, అది వాడి వేళ్ళ సందుల్లోంచి ఇసుకలా జారిపోతుంది.

ఇనుప పెనంలో ఇసుక వేయించాను. ఇంట్లోవాళ్ళ ముఖాలు చూడకుండా వేయించాను.

ఆగస్టు 25

ఆరు గంటలకు షాపు మూసి మళ్ళీ వేశాను. మొదటి రెండు సెంటీమీటర్ల లాగుడులోనే అడ్డు ముందు ఇసుక ఉబ్బి, వాలుగా ఒక కోత పడి, ఎర్ర పొర ఆకుపచ్చ పొర మీదికెక్కింది. ఇంకాస్త లాగితే దాని ముందు మరో కోత, ఆ తర్వాత మరొకటి. పెంకుటింటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు, కొత్త పెంకు ఎప్పుడూ పాతదాని కిందికి, ముందువైపుకి వచ్చింది. 1888లో స్కాట్లండ్‌లో హెన్రీ కాడెల్ ఇలాగే పొరలను పెట్టెలో నొక్కి కొండలు చేశాడని చదివాను. ఆయన దగ్గర వైపర్ మోటారు లేదు పాపం.

కోణమాపకంతో కొలిచాను. ముప్ఫై సెంటీమీటర్లు లాగే లోపు గుట్ట పెద్దదవుతూనే ఉంది, పై వాలు మాత్రం 14, 15 డిగ్రీల దగ్గర నిలిచిపోయింది. ఎత్తుగా ఉన్నచోట ఇక ఎత్తు పెరగదు, ముందుకు సాగి కొత్త పెంకు వేసుకుంటుంది. ఇలాంటి గుట్టలకు ఒక నిర్ణీత వాలు ఉంటుందని 1983లో డేవిస్, సప్పీ, డాలెన్ అనే ముగ్గురు లెక్కకట్టి చూపారు. బుల్డోజరు ముందు పోగయ్యే మట్టిలాగే, అక్రీషనరీ వెడ్జ్ అనే ఈ మట్టి గుట్టలు కూడా.

గమనిక, ఇలాంటిది చేయబోయే వాళ్ళకు: అద్దం లోపలివైపు ముఖానికి రాసే పౌడరు పూయండి. లేకపోతే అద్దం ఇసుకను పట్టుకుంటుంది, బయటికి కనబడే కోతలు లోపలివి కావు.

సెప్టెంబరు 7

చవితి పందిళ్ళ మోటార్లు, సీరియల్ దీపాల మరమ్మతులతో పదిరోజులు పోయాయి.

అద్దానికి పౌడరు పూసినప్పుడు వచ్చిన ఆలోచన: అదే పౌడరు అడుగు షీటుకు పూస్తే? ఒకసారి షీటు మీద గరుకు కాగితం అంటించి, ఒకసారి పౌడరు రాసి, ఒకే ఇసుకతో రెండు పరుగులు. గరుకు కాగితం మీద గుట్ట పొట్టిగా నిట్రంగా లేచింది, వాలు 17 డిగ్రీలు. పౌడరు మీద బారుగా, పలచగా పాకింది, వాలు 7 డిగ్రీలు. ఇంత తేడా వస్తుందని నేను అనుకోలేదు.

ఆ పౌడరు టాల్కే. తాడిపత్రి వైపు తవ్వే బలపపు రాయి. టాల్క్ కూడా నీటిని తనలో కట్టేసుకున్న ఖనిజమే. కానీ సముద్రపు అడుగున ఆ జారుడు పని ఎక్కువగా చేసేది మట్టిలో చిక్కుకున్న నీరే. పై బరువు నొక్కుతుంటే తప్పించుకోలేని నీరు తానే కొంత బరువు మోస్తుంది, రాపిడి తగ్గుతుంది. దీన్ని 1959లో ఇదే హబ్బర్ట్, విలియం రూబీ కలిసి ఖాళీ డబ్బాతో చూపించారు. నేనూ చేశాను. కూల్‌డ్రింకు డబ్బా మూత కోసేసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టేంత చల్లబరచి, తడి అద్దం మీద బోర్లించాను. అద్దాన్ని కొంచెం వాల్చాను, చేతికి తెలియనంత. లోపలి గాలి వేడెక్కి డబ్బాను లోపల్నుంచి ఎత్తుతుంది. డబ్బా దానంతట అదే జారిపోయింది. మా కుర్రాడు పదిసార్లు చేయించుకున్నాడు. నాలుగు బల్లల ప్రదర్శనలో ఖర్చు లేనిది, అందరికీ నచ్చబోయేది ఇదేనని అనుమానం.

ఇంకొకటి రాసి పెట్టుకోవాలి. ఉత్తర చిలీ తీరపు కందకంలో మట్టి దాదాపు లేదు. ఎందుకంటే ఒడ్డున అటకామా ఎడారి. వానల్లేవు, నదుల్లేవు, కొండల మట్టిని సముద్రానికి మోసుకుపోయే నాథుడు లేడు. జారుడు మట్టి లేని కందకంలో పలకలు పొడిగా రాసుకుంటాయి, అందువల్లే అక్కడ ఆండీస్ అంత ఎత్తుకు లేచి ఉండవచ్చని సైమన్ ల్యాంబ్, పాల్ డేవిస్ 2003లో ప్రతిపాదించారు. నిర్ధారణ కాదు, ప్రతిపాదన. కానీ వాన కురవకపోవడం కొండల్ని లేపుతుందన్న మాట వింటే, అనంతపురంవాడికి పక్కింటి కబురులా ఉంటుంది. కరువు ఇక్కడ మాకు ఏ కొండనూ లేపలేదు మరి.

సెప్టెంబరు 14

మూడో బల్ల: భూకంపం.

నాపరాయి పలక మీద మరో నాపరాయి ముక్క, రెండింటి గరుకు ముఖాలు ఎదురెదురుగా. పై ముక్క బరువు 3.6 కిలోలు. దానికి కొక్కెం, కొక్కేనికి స్ప్రింగు బ్యాలెన్సు, బ్యాలెన్సుకు తాడు, తాడుకు అదే వైపర్ మోటారు, ఓల్టేజి సగానికి తగ్గించి.

స్ప్రింగు సాగుతుంది, రాయి కదలదు. ముల్లు 2.4, 2.5 కిలోల దాకా పోతుంది. టక్కున రాయి దూకుతుంది, ముల్లు వెనక్కి పడుతుంది. మళ్ళీ సాగడం. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత హ్యారీ ఫీల్డింగ్ రీడ్ చెప్పినది ఇదే: వంగిన రాయి ఎగిరి తన రూపానికి రావడమే భూకంపం. 1966లో బ్రేస్, బయర్లీ ప్రయోగశాలలో రాళ్ళు ఇలా ఆగి దూకడాన్ని చూపి, భూకంపాల మూలం ఇదేనన్నారు. దూకే ముందటి లాగుడును బరువుతో భాగిస్తే నాకు 0.69 వచ్చింది. రాళ్ళ రాపిడికి బయర్లీ పేరుతో చలామణిలో ఉన్న అంకె 0.6 నుంచి 0.85. సంబరపడ్డాను. షాపులో రెండు ముక్కలు ఆ అంకెకు దగ్గరగా రావడం అదృష్టమేనని తర్వాత ఒప్పుకున్నాను. వేరే ముక్కతో 0.55 వచ్చింది.

నేను ఆశించింది గడియారం. మోటారు వేగం ఒకటే, రాయి ఒకటే, కాబట్టి దూకుడు ఠంచనుగా రావాలి. ఫోనులో వీడియో తీసి అరవై దూకుళ్ళు లెక్కించాను. మధ్య వ్యవధి 6 సెకన్ల నుంచి 19 సెకన్ల దాకా. పెద్ద దూకుడు తర్వాత ఎక్కువసేపు ఆగుతుందేమోనని చూశాను. కొంతవరకే నిజం. ఒకసారి పెద్ద దూకుడు తర్వాత నాలుగు చిన్నవి వెంటవెంటనే వచ్చాయి. తుడిచి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ చేశాను. తీరు మారలేదు.

రెండు రాళ్ళను రబ్బరుతో జతచేసి లాగితే మరీ అన్యాయం. ఒకసారి ముందుది ఒక్కటే, ఒకసారి వెనకది, ఎప్పుడో ఒకసారి రెండూ కలిసి. రెండూ కలిసిన దూకుడుకు బల్ల కదిలి టీ గ్లాసు పడింది. ఇలా స్ప్రింగులతో కట్టిన దిమ్మల వరుసను 1967లో బరిడ్జ్, నోపాఫ్ తయారుచేశారు. దిమ్మలన్నీ ఒకేసారి కదిలిన రోజు అంటే ఏమిటో మనకు 2004 డిసెంబరు 26న తెలిసింది. ఆదివారం ఉదయం మన గడియారంలో 6.28 దాటాక సుమత్రా పక్కన మొదలైన చీలిక ఉత్తరానికి అండమాన్‌ల దాకా సుమారు 1,300 కిలోమీటర్లు పాకింది. తీవ్రత 9.1. అంకెలో ఒకటి పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు. 1960లో చిలీలో వచ్చిన 9.5, 1964 అలాస్కా 9.2, 2011 మార్చి 11న జపాన్‌ను ముంచిన భూకంపం, అన్నీ ఇలాంటి కందకాల దగ్గరివే. అంత పెద్ద ముఖం మీద రెండు రాళ్ళు ఆనుకుని ఉండే చోటు మరొకటి లేదు.

సెప్టెంబరు 15

మేనకోడలు వచ్చి చూసింది. "తేదీ చెప్పలేమన్నమాట" అంది. "మోటారు వేగం తెలుసు, స్ప్రింగు తెలుసు, రాయి నా కళ్ళ ముందే ఉంది. అయినా పక్క దూకుడు ఎప్పుడో చెప్పలేను" అన్నాను. "అయితే పిల్లలతో పందెం కట్టించు మామయ్యా, ఎవరు సరిగ్గా చెబుతారో" అంది. మంచి ఆలోచన. పందెం పలకతో సహా పెడతాను.

సెప్టెంబరు 21

రాయి దూకితే నేల ఊగుతుంది, సరే. సముద్రం ఎందుకు లేస్తుంది? దీనికి పరుపుల దుకాణం నుంచి స్పాంజి పట్టీ తెచ్చాను. పట్టీ ఒక అంచును కింది షీటుకు అతికీ అతకనట్టు అంటించి, షీటును లోపలికి లాగితే అంచు కిందికి ఈడ్చుకుపోయింది, దాని వెనక స్పాంజి ఉబ్బింది. ఉబ్బిన చోట గుండుసూదులు గుచ్చాను, అవి చెట్లు. అంటు ఊడగానే అంచు పైకి ఎగిరింది, ఉబ్బు చదునైపోయింది, చెట్లు దిగిపోయాయి.

2004లో ఇదే జరిగింది. అండమాన్ దీవుల పశ్చిమపు అంచు లేచి పగడాలు నీటిపైకి వచ్చి చచ్చిపోయాయి. నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, ఒడ్డున ఉన్న లైట్‌హౌసు సముద్రంలో నిలబడింది. అంచు ఎగిరినప్పుడు పైనున్న నీళ్ళను ఎత్తింది, అదే సునామీ.

గుండుసూదుల చెట్లకు ఒక అసలు కథ ఉంది. అమెరికా వాయవ్యాన కాస్కేడియా అనే తీరంలో ఎండి నిలబడిన దేవదారు అడవులున్నాయి. ఒక్కసారిగా నేల కుంగి వేళ్ళకు ఉప్పునీరు తగలడంతో చచ్చినవి. అక్కడ అప్పటికి తేదీ రాసుకున్నవాళ్ళు లేరు. జపాన్‌లో మాత్రం భూకంపం తెలియకుండా వచ్చిన ఒక సునామీని రికార్డుల్లో రాసి ఉంచారు. కెంజి సటాకే బృందం 1996లో ఆ రెండింటినీ ముడివేసింది. 1700 జనవరి 26 రాత్రి తొమ్మిదింటికి అక్కడ నేల కదిలింది. సముద్రం ఆవలి గుమస్తాల దస్త్రాల్లోంచి ఈవలి భూకంపానికి గంటతో సహా సమయం దొరికింది. జియాలజీలో నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతి లేదు.

అదే కాస్కేడియా తీరంలో ఇంకో వింత. మూడో బల్ల మీది రాళ్ళ మధ్య తడి బంకమట్టి పూసి లాగాను. దూకుళ్ళు ఆగిపోయి రాయి నత్తలా నడిచింది. మట్టి అక్కడక్కడా తుడిచేస్తే ముల్లు అయిదారు సెకన్ల పాటు నెమ్మదిగా దిగి మళ్ళీ ఎక్కింది, చప్పుడే లేదు. కాస్కేడియాలో పలక ఇలా చప్పుడు లేకుండా, సుమారు 14 నెలలకోసారి, వారాల తరబడి జారుతుంది. హెర్బ్ డ్రాగర్ట్ బృందం 2001లో జీపీఎస్‌తో దీన్ని పట్టుకుంది. జపాన్‌లో ఒబారా 2002లో దాని సన్నటి వణుకును విన్నాడు. అక్కడ రాళ్ళ సందుల్లో ఒత్తిడితో ఉన్న నీరే దీనికి కారణమన్నది ఎక్కువమంది నమ్మకం.

మళ్ళీ నీరే. నోటుబుక్కులో మూడు బల్లల పేజీల్లోనూ ఆ మాట కింద గీతలు గీసి చూసుకున్నాను. నాలుగో బల్ల మీద హీటరు కాయిలు పడుకుని ఉంది.

సెప్టెంబరు 28

హీటరు కాయిలు తీసేశాను.

లెక్క సరిగా వేసుకుంటే సిగ్గేసింది. దిగే పలక చల్లనిది. ఎంత చల్లనిదంటే, చుట్టూ ఉన్న మాంటిల్‌ను తనే చల్లారుస్తుంది. ఆ చల్లదనంతో బిరుసుగా ఉండబట్టే దాని వెంట దాదాపు 700 కిలోమీటర్ల లోతు దాకా భూకంపాలు వస్తాయి. లోతైన భూకంపాలు నిజమేనని 1928లో జపాన్ శాస్త్రవేత్త వదాతి చూపాడు. అంత చల్లటి వస్తువు కింది నుంచి వేడి చేయదు. మరి మాగ్మా ఎక్కడిది?

అగ్నిపర్వతాల వరుస కింద పలక దాదాపు 100 కిలోమీటర్ల లోతున ఉంటుంది. ఆ లోతున పొడి మాంటిల్ రాయి కరగాలంటే సుమారు 1,450, 1,500 డిగ్రీలు కావాలి. అక్కడ ఉన్నది 1,300 చుట్టూ. కరగదు. పలక తన ఖనిజాల్లో కట్టుకుని తెచ్చిన నీరు ఒత్తిడికీ వేడికీ విడివడి పైనున్న మాంటిల్‌లోకి ఎక్కుతుంది. నీరు చేరిన రాయి 1,000 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. వేడి పెరగలేదు, కరిగే గీటే కిందికి దిగింది.

ఇది చదివి నా నెత్తిన నేనే కొట్టుకున్నాను. ఇది టంకం! ముప్ఫై ఏళ్ళుగా రోజూ చేతిలో ఉన్నదే. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, తగరం 232కు. రెండూ తగిన పాళ్ళలో కలిసిన టంకం 183కే.

ఇస్త్రీ పెట్టెను తలకిందులుగా బిగించి, మల్టీమీటరు థర్మోకపుల్ ఆనించి 205 డిగ్రీల దగ్గర నిలబెట్టాను. ఒకపక్క సీసం ముక్క, ఒకపక్క తగరం ముక్క. పదినిమిషాలైనా రెండూ రాళ్ళలా ఉన్నాయి. ముఖాలు బ్లేడుతో గీకి, సోల్డరింగ్ పేస్టు కొంచెం రాసి, ఒకదానికొకటి ఆనించాను. ఆనిన చోట ముందు మెరుపు, తర్వాత తడి, తర్వాత బొట్టు. వేడి అదే 205. ఏ ఒక్కటీ కరగలేని వేడిలో రెండింటి నడుమ ద్రవం పుట్టింది. కుర్రాణ్ణి పిలిచి చూపించాను, "దీంట్లో ఏముంది అన్నా, టంకం కరిగింది" అన్నాడు. నిజమే, వాడికి రోజూ కనబడేదే.

మేనకోడలు మాత్రం ఒప్పుకోలేదు. పిల్లల దగ్గర సీసం వద్దంది, ఆవిరి మంచిది కాదంది. న్యాయమే. ప్రదర్శనలో మంచుగడ్డ మీద ఉప్పు చల్లి చూపిస్తాం, చలిలోనే కరిగే మంచు. టంకం పనిని వీడియో తీసి పక్కన పెడతాం. మంచు తక్కువేమీ కాదు, కానీ ఆ బొట్టు అందం వేరు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మాగ్మాలో కలిసిన ఆ నీరే పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి బుడగలై పగులుతుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అంతలా పేలడానికి కారణం అదే. మన అండమాన్‌లలోని బ్యారెన్ దీవి కూడా ఇదే వరుస అగ్నిపర్వతం, ఒక శతాబ్దానికి పైగా నిద్రపోయి అదే 1991లో లేచింది. అంటే వంటసోడా నురుగు అన్నది మరీ తప్పుడు బొమ్మ కాదు. బుడగలే తోస్తాయి. మేనకోడలికి ఈ మాట ఫోనులో చెప్పాను. అవతల చాలాసేపు నవ్వు వినబడింది.

అక్టోబరు 5

బడిలో సన్నాహం. ఆటోలో ఇసుక పెట్టె తీసుకెళ్ళేసరికి గతుకులకు పొరలన్నీ కలిసి, తొట్టి నిండా ఒకే రంగు. అందరికంటే ఎక్కువ నవ్వింది పిల్లలే. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు అయిదుగురు కూర్చుని పొరలు మళ్ళీ పరిచారు. నాకంటే సన్నగా, సమంగా పరిచారు. ముగ్గు వేసే చేతులు కదా.

పందెంలో ఒక పిల్లవాడు తొమ్మిది దూకుళ్ళకు మూడు సరిగ్గా చెప్పాడు. సూత్రం ఏమిటని అడిగితే "ముల్లు వణికితే చెప్తున్నా సార్" అన్నాడు. నేను అరవై దూకుళ్ళ వీడియో చూశాను, ముల్లు వణకడం చూడలేదు. ఇంటికొచ్చి మళ్ళీ చూశాను. కొన్నిసార్లు వణుకుతోంది, కొన్నిసార్లు లేదు.

ఒక అమ్మాయి "మన దగ్గర ఇది ఎప్పుడైనా జరిగిందా సార్?" అని అడిగింది. రామగిరి సంగతి చెప్పాను. ఒకప్పుడు బంగారం తవ్విన ఆ కొండల వరుసలోని నల్లరాళ్ళకు సుమారు 270 కోట్ల ఏళ్ళు. కొన్నిటి రసాయనం ఇప్పటి కందకాల పక్క అగ్నిపర్వతాల లావాను పోలి ఉందని, అవి పురాతన దిగుబాటు దగ్గర పుట్టినవేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అంత పాతకాలంలో పలకలు ఇప్పటిలాగే నడిచేవా అన్న వాదన ఇంకా తెగలేదు. కాలేజీ రోజుల్లో అక్కడ ఏరుకున్న ముక్క ఒకటి మా ఇంట్లో తలుపు మూసుకోకుండా అడ్డు పెట్టుకుంటున్నాం. రేపు కడిగి పట్టుకెళ్ళాలి.

ఇంకా మిగిలిన పనులు: బ్యాలెన్సు కొక్కెం సాగిపోయింది, కొత్తది కొనాలి. కూల్‌డ్రింకు డబ్బాలు నాలుగు, మంచుపెట్టె ఒకటి. సిరప్ తొట్టి చుట్టూ నీళ్ళ పళ్ళెం.